ఇంకా చేతికి రాని భూమి మీద గొడవ: సివిల్ వార్‌కి ముందు అమెరికా

1860 ఎలక్షన్‌కి లింకన్ పార్టీ, అంటే రిపబ్లికన్లు, ఇచ్చిన మేనిఫెస్టో చూస్తే ఒక చోట ఆగిపోవాల్సి వస్తుంది. బానిసత్వం ఉన్న రాష్ట్రాల జోలికి మేం వెళ్లం, అది ఆ రాష్ట్రాల సొంత వ్యవహారం అని అందులో ఉంది. లింకన్ కూడా అదే మాట పదేపదే చెప్పాడు. ఈ విషయంలో వాళ్లు గట్టిగా వద్దన్నది ఒక్కటే, పడమర వైపు ఇంకా రాష్ట్రాలు కాని టెరిటరీల్లోకి బానిసత్వం పాకకూడదని. దానికే సౌత్ కరోలినా 1860 డిసెంబర్ 20న యూనియన్‌కి, అంటే అమెరికా రాష్ట్రాల సమాఖ్యకి, దణ్ణం పెట్టి బయటికొచ్చేసింది, ఫిబ్రవరి మొదటికల్లా ఇంకో ఆరు రాష్ట్రాలు దాని వెనకే నడిచాయి. ఉన్నదాన్ని ముట్టుకోం అంటున్నా వినకుండా లేనిదాని కోసం ఇల్లు తగలబెట్టుకోవడం ఏంటో అర్థం కావాలంటే ఓ డెబ్బై ఏళ్లు వెనక్కి వెళ్లి పత్తి, భూమి, సెనేట్ లెక్కలు మూడూ కలిపి చూడాలి, విడివిడిగా చూస్తే ఏదీ సగం కూడా బోధపడదు.

1787లో రాజ్యాంగం రాసుకున్నప్పుడు బానిసత్వం నెమ్మదిగా దానంతటదే పోతుందిలే అనుకున్నవాళ్లు చాలామందే. వర్జీనియాలో పొగాకు వేసి వేసి నేలలు చచ్చిపోయాయి, నార్త్ రాష్ట్రాలు ఒక్కొక్కటిగా రద్దు చేసుకుంటూ పోతున్నాయి, ఒహాయో నదికి ఉత్తరాన ఉన్న కొత్త భూముల్లో బానిసత్వం ఉండకూడదని అదే ఏడాది చట్టం కూడా చేశారు. రాజ్యాంగంలో అసలు బానిస అనే మాటే రాయలేదు, సిగ్గేసిందో ఏమో, ఇతర వ్యక్తులు అని చుట్టుతిప్పి రాశారు. కానీ జనాభా లెక్కకి వచ్చేసరికి ఒక్కో బానిసని ఐదింట మూడు వంతుల మనిషిగా కట్టి ఆ మేరకు సౌత్‌కి ప్రతినిధుల సభలో సీట్లు ఎక్కువొచ్చేలా చూసుకున్నారు. ఓటుకి పనికిరాడు, కోర్టులో సాక్ష్యానికి పనికిరాడు, సీట్ల లెక్కకి మాత్రం పనికొస్తాడు.

ఈ అంచనాలన్నీ 1793లో ఒక చిన్న యంత్రం తలకిందులు చేసింది. గుంటూరు వైపు, ఆదిలాబాద్ వైపు వాళ్లకి జిన్నింగ్ మిల్లు అంటే కొత్తగా చెప్పక్కర్లేదు, పత్తిలోంచి గింజ తీసి దూది వేరు చేసేదే. సౌత్ లోపలి ప్రాంతాల్లో పండే పొట్టి పింజ పత్తికి గింజ దూదిని పట్టుకుని వదలదు, ఒక మనిషి రోజంతా కూర్చుని వొలిస్తే పౌను దూది వచ్చేది అంతే. ఈలై విట్నీ చేసిన జిన్‌తో అదే మనిషి రోజుకి 50 పౌన్లు తీయొచ్చు. దాంతో 1790లో సుమారు 3,000 బేళ్లు పండించిన దేశం 1860 నాటికి దాదాపు 40 లక్షల బేళ్ల దగ్గరికి చేరింది, దేశం ఎగుమతుల విలువలో సగానికి పైగా ఒక్క పత్తే. మిషన్ వచ్చాక మనిషి చాకిరీ తగ్గుతుంది అనుకుంటాం కదా, ఇక్కడ సరిగ్గా రివర్స్ అయింది, గింజ తీసే పనే తేలికైంది గానీ దున్నేది, కలుపు తీసేది, పత్తి ఏరేది చేతులే, కాబట్టి జిన్ ఎంత తింటే అంత పత్తి ఏరడానికి అన్ని చేతులు కావాల్సొచ్చాయి.

ఆ ఏరడం ఎలా ఉండేదో సాలమన్ నార్తప్ రాసి పెట్టాడు. ఈయన న్యూయార్క్ రాష్ట్రంలో స్వేచ్ఛగా బతికిన నల్లమనిషి, వయొలిన్ వాయించేవాడు, 1841లో పని ఇప్పిస్తామని వాషింగ్టన్ తీసుకెళ్లి మత్తుమందు పెట్టి అమ్మేశారు, పన్నెండేళ్లు లూసియానా తోటల్లో ఉండి 1853లో బయటపడ్డాడు. మెడకి సంచి తగిలించుకుని తెల్లారకముందే చేలో దిగాలి, రోజుకి 200 పౌన్లు మామూలు లెక్క. చీకటి పడ్డాక బుట్టలు మోసుకుని జిన్ కొట్టం దగ్గర కాటా ముందు నిలబడాలి, ఎంత అలిసిపోయినా ఎంత నిద్ర ముంచుకొస్తున్నా కాటా దగ్గరికి వెళ్లేటప్పుడు భయం వెయ్యని మనిషి ఉండడంటాడు. తూకం తక్కువొస్తే కొరడా. పోనీ పది ఇరవై పౌన్లు ఎక్కువొచ్చిందనుకోండి, రేపటి నుంచి అదే లెక్క అవుతుంది, రేపు దానికి తగ్గితే మళ్లీ కొరడా. ఎక్కువ ఏరినా తప్పే తక్కువ ఏరినా తప్పే. తోటల యజమానులు ఖాతా పుస్తకాల్లో మనిషికో వరస పెట్టి ఏ రోజు ఎవరు ఎంత ఏరారో రాసుకునేవాళ్లు, అది చూస్తే పాతకాలపు జమీందారీ కంటే ఇప్పటి టార్గెట్ల ఆఫీసే గుర్తొస్తుంది. బానిసత్వం అంటే వెనకబడ్డ వ్యవస్థ, ఫ్యాక్టరీల కాలం రాగానే కూలిపోయేదే అనే మాట అందుకే అంత తేలిగ్గా ఒప్పుకోలేం.

ఇక మనుషుల లెక్క. బయటి నుంచి బానిసల్ని తేవడం 1808 నుంచి నిషేధం, అయినా 1790లో 7 లక్షలున్న బానిసలు 1860కి 39.5 లక్షలయ్యారు, అంటే ఎక్కువగా అక్కడే పుట్టిన పిల్లలు. వర్జీనియా, మేరీలాండ్‌లలో నేల చచ్చిపోయింది కాబట్టి అక్కడి దొరలకి పొలం మీద కంటే మనుషుల్ని అమ్మడం మీద రాబడి. ఆ డెబ్బై ఏళ్లలో సుమారు 10 లక్షల మందిని పాత రాష్ట్రాల నుంచి అలబామా, మిసిసిపీ, లూసియానా వైపు తరలించారు, కొందర్ని యజమానులే వెంట తీసుకెళ్లారు, మిగతావాళ్లని వ్యాపారులు కొని గొలుసులు కట్టి వందల మైళ్లు నడిపించి న్యూ ఆర్లీన్స్ లాంటి మార్కెట్లలో అమ్మారు. మొగుడొకచోట పెళ్లామొకచోట, తల్లికి పిల్లలు మళ్లీ కనపడరు.

అసలు కీలకం ఇక్కడే ఉంది. పత్తి నేలని పీల్చేస్తుంది, కొన్నేళ్లకి దిగుబడి పడిపోతుంది, ఎరువు వేసి బాగుచేసుకోవడం కంటే పడమరకి జరిగి కొత్త నేల దున్నడమే చవక. కొత్త నేల తెరుచుకున్నప్పుడల్లా మనుషులకి గిరాకీ, గిరాకీతో పాటు రేటు. 1860లో న్యూ ఆర్లీన్స్‌లో వయసులో ఉన్న పొలం పనివాడి రేటు 1,500 డాలర్లు దాటింది. మొత్తం బానిసల విలువ 300 కోట్ల డాలర్ల పైనే అని లెక్క, దేశంలోని రైల్వేలూ ఫ్యాక్టరీలూ కలిపినా అంత లేదు, పైగా వాళ్లని తాకట్టు పెట్టే భూమి కొనేవాళ్లు. మన దగ్గర రియల్ ఎస్టేట్ చూసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది, వెంచర్లు పడటం ఆగిపోతే పాత ప్లాట్ రేటు కూడా ఆగిపోతుంది. పడమర తలుపు మూసేస్తే మిసిసిపీలో కొనేవాడికే కాదు, గడప దాటని వర్జీనియా దొరకి కూడా ఆస్తి సగమైపోయినట్టే. టెరిటరీల్లోకి మాత్రం వద్దు అనే మాట నార్త్‌కి మర్యాదగా వినిపించింది, సౌత్‌కి మెడకి ఉరి లాగా వినిపించింది.

ఆ పడమర ఖాళీగా ఏమీ లేదు. జార్జియా, అలబామా, మిసిసిపీల్లో మంచి పత్తి నేలల మీద చెరోకీ, క్రీక్, చోక్తా లాంటి జాతులు తరతరాలుగా ఉన్నాయి. వీళ్లలో చెరోకీల కథ మరీ చేదు. నాగరికులుగా మారితే మీ భూమి మీకే అన్నారు, సరే అని వాళ్లు సెక్వోయా తయారుచేసిన సొంత లిపిలో చదవడం రాయడం నేర్చారు, 1827లో రాజ్యాంగం రాసుకున్నారు, 1828లో పత్రిక పెట్టారు. ఆ వెంటనే వాళ్ల నేలలో బంగారం బయటపడింది, జార్జియా ఆగలేకపోయింది. 1830లో ప్రెసిడెంట్ ఆండ్రూ జాక్సన్ ఇండియన్లని, అంటే ఇలాంటి అక్కడి మూలవాసుల్ని, మిసిసిపీ నది అవతలికి పంపే చట్టం తెచ్చాడు. 1832లో సుప్రీం కోర్టు చెరోకీల వైపే తీర్పిచ్చింది, అయినా అమలు చేసినవాడు లేడు. ఇంకా వాళ్లు ఇళ్లలోనే ఉండగానే జార్జియా ఆ భూముల్ని లాటరీ తీసి తెల్లవాళ్లకి పంచేసింది. 1838లో సైన్యం వచ్చి తోలుకెళ్లింది, సుమారు 16,000 మందిలో 4,000 మంది దాకా దారిలో, క్యాంపుల్లో చనిపోయారని అంచనా. ఇందులో చాలామంది పక్కన పెట్టే సంగతి ఒకటుంది, చెరోకీల్లో డబ్బున్నవాళ్లకి కూడా నల్ల బానిసలుండేవాళ్లు, ఆ కన్నీటి దారిలో వాళ్లూ నడిచారు, అక్కడికి చేరాక కూడా బానిసలుగానే ఉన్నారు.

ఇక సెనేట్. ప్రతినిధుల సభలో జనాభా ఎక్కువున్న నార్త్‌దే పైచేయి, కానీ సెనేట్‌లో రాష్ట్రం చిన్నదైనా పెద్దదైనా రెండే సీట్లు. 1819కి 11 బానిస రాష్ట్రాలు, 11 స్వేచ్ఛా రాష్ట్రాలు, కాటా సరిసమానం. 1803లో నెపోలియన్ దగ్గర 1.5 కోట్ల డాలర్లకి కొన్న లూసియానా భూభాగంలోంచి మిస్సోరి బానిస రాష్ట్రంగా వస్తానంది. అన్నట్టు నెపోలియన్ అంత నేల అంత చవగ్గా అమ్మడానికి ఒక పెద్ద కారణం ఫ్రెంచి కాలనీ హైతీలో బానిసలు తిరగబడి అతని సైన్యాన్ని ఓడించడం, అలా నల్లవాళ్లు గెలిచిన స్వేచ్ఛ వల్ల దొరికిన భూమే అమెరికాలో బానిసత్వానికి మేత అయింది. చివరికి 1820లో రాజీ కుదిరింది, మిస్సోరికి జతగా మెయిన్‌ని స్వేచ్ఛా రాష్ట్రంగా తెచ్చారు, మిగతా లూసియానా భూమిలో 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశం దగ్గర గీత గీసి పైన బానిసత్వం ఉండదు, కింద ఉండొచ్చు అన్నారు. మాజీ ప్రెసిడెంట్, ముసలి జెఫర్సన్ ఆ వార్త విని అర్ధరాత్రి అగ్నిప్రమాదం గంట మోగినట్టుంది అని ఉత్తరం రాశాడు. ఆయన భయం నిజమే గానీ ఆ భూమి కొన్నదీ ఆయనే, చచ్చేదాకా బానిసల్ని ఉంచుకున్నదీ ఆయనే.

దీనికి సమాంతరంగా నార్త్‌లో ఇంకో కదలిక మొదలైంది. 1820లు, 30ల్లో ఊరూరా మత పునరుజ్జీవన సభలు, చార్లెస్ ఫిన్నీ లాంటి బోధకులు పాపం అనేది నీ చేతిలో ఉంది, ఇవాళే మానెయ్ అని చెప్తున్నారు. జనం మొదట పట్టుకున్నది తాగుడు, పట్టుకోక ఏం చేస్తారు, 1830 నాటికి అక్కడ పెద్దవాళ్ల సగటు ఏడాదికి 7 గ్యాలన్ల స్వచ్ఛమైన ఆల్కహాల్, ఇప్పటికి రెండు మూడు రెట్లు. తర్వాత జైళ్లు, పిచ్చాసుపత్రులు, హొరేస్ మాన్ గవర్నమెంట్ బడులు. ఇవాళే మానెయ్ అనే మాట తాగుడు నుంచి బానిసత్వం మీదికి మళ్లగానే కథ మారిపోయింది. అప్పటిదాకా పెద్దమనుషుల పద్ధతి ఏంటంటే విముక్తి చేసిన నల్లవాళ్లని ఓడెక్కించి ఆఫ్రికా పంపేద్దాం అని, లైబీరియా అలా పుట్టింది. అమెరికాలోనే పుట్టి పెరిగినవాళ్లని ఇంటికి పంపుతాం అంటే వాళ్లకి మండదా మరి. 1829లో బోస్టన్‌లో పాతబట్టల కొట్టు పెట్టుకున్న డేవిడ్ వాకర్ అనే నల్లమనిషి ఈ దేశం మా రక్తం కన్నీళ్లతో తడిసింది, మేం ఎక్కడికీ పోం అంటూ ఒక కరపత్రం వేసి నావికుల చేతుల మీదుగా సౌత్ రేవులకి పంపాడు. 1831 జనవరి 1న విలియం లాయిడ్ గారిసన్ బోస్టన్‌లోనే పత్రిక మొదలుపెట్టాడు, వెంటనే రద్దు చెయ్యాలి, నష్టపరిహారం లేదు, వాయిదా లేదు. ఆ పత్రికని మొదట్లో నిలబెట్టిన చందాదారులు ఎక్కువమంది నార్త్‌లోని నల్లవాళ్లే, ఇది చరిత్రలో తరచూ జారిపోయే ముక్క. అదే ఏడాది ఆగస్టులో వర్జీనియాలో నాట్ టర్నర్ తిరుగుబాటు, ఓ 55, 60 మంది తెల్లవాళ్లు చనిపోయారు, బదులుగా ఎంతమంది నల్లవాళ్లని చంపారో లెక్కే లేదు. దాని తర్వాత సౌత్ రాష్ట్రాలు బానిసలకి చదువు చెప్పడం మీద నిషేధాలు బిగించాయి.

ఇక్కడ నార్త్ అంతా మంచివాళ్లు అనుకుంటే పప్పులో కాలేసినట్టే. 1835లో ఇదే బోస్టన్‌లో గుంపు గారిసన్‌ని తాడు కట్టి ఈడ్చింది. 1837లో ఇల్లినాయ్‌లో ఎలైజా లవ్‌జాయ్ అనే ఎడిటర్‌ని ప్రింటింగ్ ప్రెస్ కాపాడుకుంటుంటే కాల్చి చంపారు. 1838 మేలో ఫిలడెల్ఫియాలో బానిసత్వ వ్యతిరేకులు చందాలేసుకుని కట్టుకున్న హాలుని తెరిచిన నాలుగో రోజుకే తగలబెట్టారు. ఎందుకంటే న్యూ ఇంగ్లండ్ మిల్లులు నడిచేది సౌత్ పత్తి మీద, పంటకి అప్పులిచ్చేది న్యూయార్క్ బ్యాంకులు, రోడ్ ఐలాండ్ మిల్లుల్లో అయితే బానిసలకి వేసే ముతక బట్ట ప్రత్యేకంగా నేసి సౌత్‌కి అమ్మేవాళ్లు. పత్తి ఇటొస్తుంది, గరుకు గుడ్డగా మారి దాన్ని ఏరినవాడి వీపు మీదికే తిరిగెళ్తుంది, మధ్యలో లాభం నార్త్ జేబులోకి.

అయినా ఉద్యమం పెరిగింది, పెరగడానికి సౌత్ చేసిన సాయం తక్కువేం కాదు. 1835లో ఉద్యమకారులు వేల కరపత్రాలు పోస్టులో సౌత్‌కి పంపితే చార్ల్స్‌టన్‌లో గుంపు పోస్టాఫీసులో జొరబడి సంచులు ఎత్తుకెళ్లి మంట పెట్టింది, పోస్టుమాస్టర్ జనరల్ కూడా అలాంటి ఉత్తరాలు ఆపేసినా ఏమీ అనను అన్నట్టు ఊరుకున్నాడు. 1836లో ప్రతినిధుల సభ బానిసత్వం మీద వచ్చే ఏ అర్జీనీ చర్చించకుండా పక్కన పడెయ్యాలని రూల్ పెట్టింది. అప్పటికి మాజీ ప్రెసిడెంట్ జాన్ క్విన్సీ ఆడమ్స్ అదే సభలో మామూలు సభ్యుడు, డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, పట్టు వదల్లేదు. 1837 ఫిబ్రవరిలో లేచి నా దగ్గర 22 మంది బానిసలు పంపినట్టున్న అర్జీ ఉంది, ఇది ఆ రూల్ కిందికొస్తుందా అని స్పీకర్‌ని అమాయకంగా అడిగాడు. సభంతా గగ్గోలు, అర్జీని కాల్చెయ్యాలని ఒకరు, ఈయన్ని అభిశంసించాలని ఇంకొకరు, అందర్నీ అరవనిచ్చి తర్వాత చెప్పాడు, ఆ అర్జీ బానిసత్వం రద్దు చెయ్యమని కాదు, దానికి వ్యతిరేకంగా ఉందని. ఎనిమిదేళ్లు పోరాడి 1844లో ఆ రూల్ ఎత్తేయించాడు. నల్లవాళ్ల గురించి ఏమాత్రం పట్టని నార్త్ రైతుకి కూడా ఈ లోపు ఒకటి ఎక్కింది, వీళ్లు వాళ్ల బానిసల నోరే కాదు, నా అర్జీ, నా ఉత్తరం కూడా ఆపేస్తున్నారే అని.

ఆ అర్జీల మీద సంతకాల్లో పెద్ద వాటా ఆడవాళ్లది. ఓటు లేని మనిషికి అర్జీ ఒక్కటే దారి, ఇల్లిల్లూ తిరిగి సంతకాలు సేకరించారు. చార్ల్స్‌టన్‌లో బానిసలున్న జడ్జి ఇంట్లో పుట్టిన సారా, ఆంజెలీనా గ్రిమ్కే అక్కాచెల్లెళ్లు ఆ ఇల్లు వదిలి నార్త్‌కొచ్చి కళ్లారా చూసింది సభల్లో చెప్పడం మొదలుపెడితే ముందు ఆడది సభలో మాట్లాడటమేంటి అని పాస్టర్లు గొడవ. 1840లో లండన్ బానిసత్వ వ్యతిరేక మహాసభకి వెళ్లిన లుక్రీషియా మాట్‌ని ప్రతినిధిగా ఒప్పుకోకుండా పక్కన కూర్చోబెట్టారు, అక్కడే ఎలిజబెత్ కేడీ స్టాంటన్‌తో స్నేహం కుదిరింది, 1848 జులైలో వాళ్లు పెట్టిన సెనెకా ఫాల్స్ సభలో ఆడవాళ్లకి ఓటు కావాలనే తీర్మానానికి సొంతవాళ్లే జంకితే లేచి గట్టిగా సమర్థించింది ఫ్రెడరిక్ డగ్లస్. పదేళ్ల క్రితం నావికుడి వేషంలో అరువు కాగితాలతో రైలెక్కి మేరీలాండ్ నుంచి పారిపోయినవాడు, అప్పటికి సొంత పత్రిక ఎడిటర్.

ఇన్ని జరుగుతున్నా 1820 నాటి గీత ఉన్నంతకాలం కాంగ్రెస్ గొడవని చాప కిందికి తోసేస్తూ వచ్చింది, చాప లాగేసింది అప్పటికి మెక్సికోలో భాగమైన టెక్సస్. మెక్సికో పిలిచి భూమిలిస్తే అమెరికన్లు బానిసల్ని వెంటేసుకుని వెళ్లారు, 1829లో మెక్సికో బానిసత్వం రద్దు చేస్తే 99 ఏళ్ల పని ఒప్పందాలు అని కాగితాలు సృష్టించారు. 1836లో వేరుపడి రాసుకున్న రాజ్యాంగంలో బానిసత్వానికి రక్షణ పెట్టుకున్నారు, 1845లో అమెరికాలో కలిశారు. ఖండమంతా మనదే కావడం దేవుడు రాసిపెట్టిన రాత అనే అర్థంలో మానిఫెస్ట్ డెస్టినీ అనే మాట అదే ఏడాది పత్రికల్లోకి ఎక్కింది, భూమి ఆశకి అంత భక్తి పూత ఇంకెక్కడా కనపడదు. 1846లో ప్రెసిడెంట్ పోల్క్ మెక్సికో మీద యుద్ధానికి దిగాడు. ఇలాంటి ప్రభుత్వానికి పన్ను కట్టనని ఒక రాత్రి జైల్లో కూర్చున్న రచయిత థోరో ఆ తర్వాత రాసిన వ్యాసం గాంధీ దాకా వచ్చిందని మనకి తెలిసిందే. యుద్ధం మొదలైన మూడు నెలలకే పెన్సిల్వేనియా సభ్యుడు డేవిడ్ విల్మాట్ గెలిచిన భూమిలో బానిసత్వం ఉండకూడదని సవరణ పెట్టాడు, ప్రతినిధుల సభ దాటింది, సెనేట్‌లో ఆగిపోయింది. అందరూ గమనించాల్సింది ఓట్లు పార్టీల వారీగా కాదు, నార్త్ సౌత్‌గా పడ్డాయి. అలాగని విల్మాట్‌ది నల్లవాళ్ల మీద ప్రేమ కాదు, ఇది తెల్లవాళ్ల కోసం పెట్టిన సవరణ అని తనే చెప్పుకున్నాడు. స్వేచ్ఛా భూమి అనే నినాదం వెనకున్న చాలామందికి బానిసల పక్కన కూలి చెయ్యడం ఇష్టం లేదు, నల్లవాళ్ల పక్కన బతకడం అంతకంటే ఇష్టం లేదు. ఒరెగాన్ అయితే రాజ్యాంగంలోనే బానిసత్వాన్నీ నిషేధించింది, కొత్తగా వచ్చే నల్లవాళ్లనీ నిషేధించింది.

1848 ఫిబ్రవరి 2న ఒప్పందంతో సుమారు 5.25 లక్షల చదరపు మైళ్లు చేతికొచ్చాయి. అంతకి తొమ్మిది రోజుల ముందు, జనవరి 24న, కాలిఫోర్నియాలో బంగారం దొరికింది, సంతకాలు పెట్టినవాళ్లకి ఆ సంగతి తెలీదు. ఏడాది తిరిగేసరికి జనం ఎగబడ్డారు, బానిసల గుంపులతో దిగే దొరతో పోటీ పడలేమని గని తవ్వేవాళ్లు గట్టిగా పట్టుబట్టి స్వేచ్ఛా రాష్ట్రంగా రాజ్యాంగం రాసుకున్నారు. కానీ అదే కాలిఫోర్నియా 1850లో పనీపాటా లేని ఇండియన్‌ని పట్టుకుని పనికి వేలం వేసే చట్టం చేసింది. అప్పటికి 15, 15 గా ఉన్న కాటా వంగింది, దానికి బదులుగా సౌత్ అడిగింది పారిపోయిన బానిసల్ని పట్టిచ్చే గట్టి చట్టం.

ఆ చట్టం చేసిన డ్యామేజీ అంతా ఇంతా కాదు. జ్యూరీ లేదు, పట్టుబడ్డ మనిషి తన గురించి తను సాక్ష్యం చెప్పుకోవడానికి లేదు, కమిషనర్ అనే ఒక ఆఫీసర్ కాగితాలు చూసి తేల్చేస్తాడు, ఇతను బానిసే అని పంపిస్తే ఆఫీసర్ ఫీజు 10 డాలర్లు, కాదని వదిలేస్తే 5 డాలర్లు. పంపడానికి కాగితం పని ఎక్కువ కాబట్టి అని సమర్థించారు, జనానికి మాత్రం లంచంలాగే కనపడింది. పైగా దారిన పోయే ఎవడినైనా సాయం పట్టమని పిలవొచ్చు. 1854 మేలో బోస్టన్‌లో బట్టల కొట్టులో పనిచేస్తున్న ఆంథొనీ బర్న్స్ ఇలాగే దొరికాడు. జూన్ 2న ఒక్క మనిషిని ఓడ దాకా నడిపించడానికి సైనికులు, ఫిరంగి, వీధుల నిండా వేల జనం, కొట్లకి నల్లగుడ్డలు కట్టారు, చర్చి గంటలు సావు గంటల్లా మోగాయి, స్వేచ్ఛ అని రాసిన శవపేటిక వేలాడదీశారు. అది చూసినవాళ్లలో అమోస్ లారెన్స్ ఒకడు, పత్తి మిల్లుల డబ్బున్న కుటుంబం, సౌత్‌తో రాజీ కావాలనే బాపతు. రాత్రి పాతకాలపు రాజీ మనుషులుగా పడుకున్నాం, పొద్దున్న పిచ్చెక్కిన బానిసత్వ వ్యతిరేకులుగా లేచాం అని ఆ రోజుల్లోనే ఉత్తరం రాశాడు.

సరిగ్గా ఆ వారంలోనే, మే 30న, కాన్సస్ నెబ్రాస్కా చట్టం మీద సంతకం పడింది. ఇల్లినాయ్ సెనేటర్ స్టీఫెన్ డగ్లస్‌కి షికాగో నుంచి పడమరకి రైల్వే కావాలి, దానికి ఆ టెరిటరీలో ప్రభుత్వం ఉండాలి, సౌత్ ఓట్లు లేనిదే బిల్లు పాస్ కాదు, అందుకని 1820 గీతని చెరిపేసి బానిసత్వం కావాలో వద్దో అక్కడి జనమే ఓటేసుకుంటారు అన్నాడు. వినడానికి ఎంత ప్రజాస్వామికంగా ఉందో. లారెన్స్ డబ్బుతో నార్త్ నుంచి మనుషులు వెళ్లారు, ఊరికి ఆయన పేరే పెట్టారు, తర్వాత పెట్టెల్లో రైఫిళ్లు కూడా వెళ్లాయి. 1855 మార్చి ఎలక్షన్‌లో ఓటర్లు 2,905, పోలైన ఓట్లు 6,307, మిస్సోరి నుంచి బండ్లు కట్టుకుని తుపాకులతో వచ్చి గుద్దేసి పోయారు. రిగ్గింగ్ అనే మాట మనకి కొత్తేం కాదు గానీ ఈ లెవెల్లో అరుదు. అలా గెలిచిన సభ బానిసత్వం హక్కుని కాదన్నా జైలే అని చట్టాలు చేసింది. 1856 మే 21న లారెన్స్ ఊరిని దోచి ప్రెస్సులు నదిలో పడేశారు. 22న వాషింగ్టన్‌లో కాన్సస్ అన్యాయాల మీద మాట్లాడిన సెనేటర్ చార్ల్స్ సమ్నర్‌ని సెనేట్‌లోనే చేతికర్రతో స్పృహ తప్పేదాకా కొట్టాడు సౌత్ కరోలినా సభ్యుడు ప్రెస్టన్ బ్రూక్స్, సౌత్ అభిమానులు ఆయనకి కొత్త కర్రలు బహుమతిగా పంపారు. 24 రాత్రి బానిసత్వాన్ని ఆయుధాలతోనే ఎదిరించాలనే జాన్ బ్రౌన్ మనుషులు పొటావటమీ వాగు పక్కన ఐదుగుర్ని ఇళ్లలోంచి లాగి నరికారు. నాలుగు రోజుల్లో ఇవన్నీ.

1857లో సుప్రీం కోర్టు తన స్వేచ్ఛ కోసం కోర్టుకెక్కిన డ్రెడ్ స్కాట్ అనే బానిస కేసులో నల్లవాళ్లు అసలు పౌరులే కారు, టెరిటరీల్లో బానిసత్వాన్ని ఆపే అధికారం కాంగ్రెస్‌కి లేదు అని తేల్చింది. గొడవ తీర్చాలనుకున్న తీర్పు రిపబ్లికన్ పార్టీ ఉనికికే అడ్డం పడింది, దాంతో నార్త్‌లో ఆ పార్టీ ఇంకా పెరిగింది. 1859లో జాన్ బ్రౌన్ హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారం మీద పడి ఉరెక్కాడు, నార్త్‌లో కొన్ని చర్చిల్లో గంటలు మోగించారని విని సౌత్‌కి ఇక మాటలతో పని లేదనిపించింది.

ఈలోగా దొరల కళ్లు ఇంకా దూరం వెళ్లాయి. క్యూబాని స్పెయిన్ అమ్మకపోతే లాక్కోవచ్చని 1854లో ముగ్గురు అమెరికన్ రాయబారులు యూరప్‌లో కూర్చుని రాసిన కాగితం బయటపడింది. విలియం వాకర్ అనే సాహసి కొద్దిమంది మనుషులతో నికరాగువా మీద పడి 1856లో ప్రెసిడెంట్‌నని ప్రకటించుకుని అక్కడ ఎప్పుడో రద్దయిన బానిసత్వాన్ని మళ్లీ చట్టబద్ధం చేశాడు. అందుకే 1860 డిసెంబర్ 18న కెంటకీ సెనేటర్ క్రిటెండెన్ చివరి రాజీగా పాత గీతని పసిఫిక్ దాకా లాగుదాం, దాని దక్షిణాన ఇప్పుడున్నదీ ఇక ముందు సంపాదించబోయేదీ అంతా బానిసత్వానికి వదిలేద్దాం అన్నప్పుడు లింకన్ ఆ ఇక ముందు అనే మాట దగ్గరే పట్టుకున్నాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఇంకా దొరకని దేశాలకి ఇప్పుడే చట్టం, ఒప్పుకుంటే ఏడాది తిరక్కుండా క్యూబా తెచ్చివ్వకపోతే వెళ్లిపోతాం అంటారని ఆయన లెక్క. మిగతావాటిలో సర్దుకోండి, బానిసత్వం విస్తరణ దగ్గర మాత్రం అంగుళం కదలొద్దని తనవాళ్లకి ఉత్తరాలు రాశాడు. రాజీ కుదర్లేదు. క్రిటెండెన్ ఆ ప్రతిపాదన పెట్టిన రెండో రోజుకే సౌత్ కరోలినా వెళ్లిపోయింది.

అదే ఏడాది జనాభా లెక్కల్లో పడమర టెరిటరీల కాలమ్ చూస్తే యూటాలో బానిసలు 29 మంది, నెబ్రాస్కాలో 15 మంది, అంత రక్తం పారిన కాన్సస్‌లో ఇద్దరు.